చెంప ఆనే చోటు

మా ఆయన యోస్ట్ తుపాకులకు కొయ్యలు చెక్కుతాడు. లాంకాస్టర్ చుట్టుపక్కల అంత మొండిమనిషి ఇంకొకడు లేడు. ఎవరెంత తొందరపెట్టినా సరే, కొనేవాడు స్వయంగా వచ్చి భుజానికి ఎత్తి చూస్తే తప్ప కొయ్య పూర్తి చెయ్యడు. ఒకడికి మెడ పొడుగు, ఇంకొకడికి చెంపలు లావు, ఎవరి కొయ్య వాళ్ళదే అంటాడు.

ఆ చలికాలమంతా మా ఫెల్టెన్ కోసం మేపుల్ దుంగ ముందేసుకుని కూర్చున్నాడు. శుభ్రంగా బళ్ళు తోలుకుంటున్న నా కొడుక్కి ఉన్నట్టుండి కొండల అవతలి కెంటకీ పిచ్చి పట్టింది. వసంతంలో వలస వెళ్ళే బళ్ళ వెంట పోతానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళలో తిరిగొచ్చిందెవరు? వీడు ఆగిపోవాలని చర్చిలో మోకాళ్ళు అరిగేలా వేడుకున్నాను. తండ్రేమో వాణ్ణి పంపడానికి తుపాకి చేస్తున్నాడు!

చెంప ఆనే చోట యోస్ట్ మొదట వేలు మందాన చెక్క ఎక్కువ వదిలేస్తాడు. తీసెయ్యగలం గాని అతికించలేం కదా. అందుకే మొదటిసారి ఎత్తిన ప్రతివాడూ ఎత్తుగా ఉందని గొణుగుతాడు. అప్పుడు ఆకురాయి పట్టుకుని, గురి కుదిరేదాకా కొంచెం కొంచెంగా అరగదీస్తాడు.

ఫెల్టెన్ వచ్చి కుడిభుజానికి ఆనించాడు. ఎడమ కన్ను మూశాడు.

"గొట్టం కొసనున్న ముందు గురి వెనక గంటులో కూర్చుందా?" అన్నాడు యోస్ట్.

"అచ్చు గుద్దినట్టు కూర్చుంది నాన్నా. ఇక చెయ్యి పెట్టకు."

"కొంచెం కూడా తియ్యక్కర్లేదా?"

"అక్కర్లేదంటుంటే! నీ చేతికి తిరుగుందా?"

యోస్ట్ ఆకురాయి కింద పెట్టాడు. వాడి ఎడమ కన్ను తన అరచేత్తో మూసి, రెండో చెయ్యి మొహానికి దగ్గరగా పెట్టాడు.

"నేనేం పట్టుకున్నాన్రా?"

ఫెల్టెన్ కుడికన్ను చికిలించి ఆ చేతికేసి వెతికాడు. అది ఖాళీ చెయ్యని కూడా ఆ కంటికి తెలియలేదు.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు సంతోషమే వేసింది. హమ్మయ్య, ఇక వీడెక్కడికి పోతాడు అనుకున్నాను. ఆ సంతోషం కూడా మా ఆయన నిలవనివ్వలేదు.

"దానికేముంది, ఎడమ భుజానికి చేస్తా. చెంప దిండు అటు తిప్పడానికి కావలసినంత చెక్కుంది. ఏదీ, అటు ఎత్తు," అన్నాడు.

"నీకు మతి ఉందా అసలు? ఒంటికంటి వాణ్ణి అడవుల్లోకి తోలతావా?" అని అరిచాను.

"నువ్వుండవే."

ఫెల్టెన్ ఎడమ భుజానికి ఆనించాడు. చాలాసేపు చూశాడు.

"వెనక గంటు కనబడుతోంది నాన్నా. ముందుది... లేదు."

"సరిగ్గా చూడరా."

"చూస్తూనే ఉన్నా. ఇదీ పోతోంది. అమ్మ వాళ్ళ నాన్నకి పోయినట్టే." కొయ్య బల్లమీద పెట్టేశాడు. "ఇన్నాళ్ళూ గుర్రాలకి దారి తెలుసు కాబట్టి బండి నడిచింది. ఉన్న కాస్త చూపుతో ఆ కొండల అవతల ఏముందో చూడాలనుకున్నా, అంతే."

మా నాన్నకి చివరి ఏళ్ళలో చెంచాతో పులుసు తాగించింది నేనే. యోస్ట్ ఆ కొయ్య మీద ఆకురాయి మళ్ళీ పెట్టలేదు.

బళ్ళు వెళ్ళిన రోజు చలి ఇంకా పోలేదు గాని ఎండ కళ్ళు చెదిరేలా కాసింది. ఫెల్టెన్ కంచె దగ్గర నిలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. గుర్రాల మెడగంటలు మా ముందునుంచే మోగుతూ పోతున్నాయి. తెలిసినవాళ్ళు టోపీలు ఊపుతున్నారు. వీడు తల అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మంచు బాగా పట్టినట్టుందే అమ్మా. ఒక్క బండీ కనబడదేం?"

"అవున్రా నాయనా, పాడు మంచు. నాకూ ఏం కనబడట్లేదు," అన్నాను.