లీలాకుమారికి రెండు లగ్నాలు

జూబ్లీహిల్స్‌లో ఎవరో జాగీర్దారు కట్టించుకున్న రాతి బంగళా హోటలుగా మారాక, వెంకటాచలం పంతులు అందులో తొమ్మిది పెళ్లిళ్లు చేయించాడు. అన్నీ సినిమా పెళ్లిళ్లే. బోరబండలో చిన్న గుడి ఆయనది. షూటింగుకు పిలిస్తే వెళ్లేవాడు గానీ, తాళి కట్టే చోట మాంగల్య మంత్రం మాత్రం చదివేవాడు కాదు. ఉత్తుత్తికి పలికినా పెళ్లి అయిపోయినట్టేనని ఆయన భయం. దాని బదులు విష్ణునామాలు అందుకునేవాడు. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

తొంభై ఒకటి మాఘమాసంలో ప్రొడక్షన్ మేనేజరు సుబ్రహ్మణ్యం ఫోను చేయించాడు. గురువారం బంగళాలో పెళ్లి, ఎనిమిదికల్లా కారు వస్తుందని. అంతే.

వెళ్లేసరికి ఎప్పటిలాగే లైట్లు, ట్రాలీ మీద కెమెరా. పీటల మీద డాన్సరు లీలాకుమారి. ఇదివరకు రెండు సినిమాల్లో పెళ్లికూతురై ఆయన ముందు కూర్చున్న పిల్లే. పక్కన వరుడి వేషంలో అసిస్టెంటు కెమెరామన్ వేంకటరమణ. కుర్చీల నిండా కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులు.

"డైరెక్టరు సారు యాడున్నరు?" అని అడిగాడు పంతులు.

"ఇవాళ మేమే డైరెక్టర్లమండీ," అని నవ్వాడు రమణ.

ఆ నవ్వుకు అర్థం తెలియలేదు. కన్యాదానానికి లీల తల్లి పాత్ర వేసినామె ఒక్కతే వచ్చి కూర్చుంది, పక్కన మగదిక్కు లేకుండా. కథ అట్లా ఉందేమో అనుకున్నాడు. తర్వాత వధూవరులు కాగితాలు విప్పి ఒకరికొకరు చదివారు.

"నీ షూటింగు ఎప్పుడు ముగిసినా, గేటు దగ్గర నా స్కూటరు ఉంటుంది," అన్నాడు రమణ.

"నువ్వు వచ్చేదాకా నేను గజ్జెలు విప్పను," అంది లీల నవ్వుతూ.

డైలాగులు బాగున్నాయనుకుని, తాళి కట్టే సమయానికి పంతులు గొంతెత్తి విష్ణునామాలు చదివాడు. అక్షింతలు పడ్డాయి. 'కట్' అనే కేక కోసం ఎదురుచూశాడు. ఎవరూ అనలేదు. అందరూ లేచి భోజనాలకు కదిలారు.

ఇందాక కన్యాదానం చేసినామె బట్టల పళ్లెం తెచ్చి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. "నా పేరు సత్యలక్ష్మండి. నా పిల్లను మీరే ఓ ఇంటిదాన్ని చేశారు పంతులుగారూ."

పంతులు పళ్లెం అందుకోబోయి ఆగాడు. "అమ్మా, గిది నిజం పెళ్లా?"

"అదేంటండీ! గుంటూరు సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తం కదా! ఆ కెమెరా అల్లుడి స్నేహితులు సరదాగా తెచ్చిందండీ."

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ మాట ఆయనకూ తోచింది. కానీ ఆమె ముఖం చూస్తూ ఊరుకోలేకపోయాడు. జరిగింది చెప్పేశాడు.

దగ్గరికొచ్చి విన్న రమణ ముఖం ఎర్రబడింది. "అంటే మా పెళ్లి కాలేదా? ముహూర్తం కూడా దాటిపోయిందే!"

"అభిజిత్ లగ్నముంది బాబూ, పన్నెండుకు. జర మళ్ల కూసోండ్రి. తప్పు నాదే."

లీల భర్తను చూసింది, భర్తో కాదో తెలియక. "సినిమాల్లో పదకొండుసార్లు కూర్చున్నాను. ఇంకోసారి కూర్చుంటే అరిగిపోతానా?" అంది.

లైట్లు ఆర్పేశారు. వెనక వరండాలో, నాపరాళ్ల మీద చాప పరిచారు. మెడలోని తాళిని ఇద్దరూ పట్టుకోగా, పంతులు ఇన్నేళ్లుగా ఆ బంగళాలో నోట రానీయని మంత్రాన్ని తడబడుతూ చదివాడు. ఉదయం హాయిగా నవ్విన లీల ఈసారి ఏడ్చింది.

"ఏమైంది?" అన్నాడు రమణ కంగారుగా.

"తెలీదు," అంది ఆమె, అతని ఉత్తరీయంతోనే కళ్లు తుడుచుకుంటూ.