వెనక సీటు

రంగక్క మోరిస్ కారులో వెల్లకిలా పడుకొని, పైకప్పు గుడ్డను మధ్య నుంచి అంచులకు లాగుతూ అంటిస్తోంది. జిగురు వాసనకు కళ్లు మండుతున్నాయి. షెడ్డు ముందు నులకమంచం మీద ఆమె భర్త బొమ్మన్న పడుకొని ఉన్నాడు.

"ముడత పడకుండా సూడమ్మే. పడితే మల్లా పోదు."

"పడలేదులే. నువ్వు మాట్లాడొద్దు, ఆయాసమొస్తాది."

ఆ కారు ఊళ్లోని నరసింహప్పది, అతని తండ్రి నాటిది. హిందూపురంలో రంగు వేయించే ముందు లోపలి సామానంతా విప్పింది బొమ్మన్నే. ఏ మరమేకు ఎక్కడిదో తెలిసేలా గుడ్డముక్కల్లో విడివిడిగా మూటలు కట్టాడు. తిరిగి బిగించే వేళకు గుండె జబ్బుతో మంచాన పడ్డాడు.

సొంతూరు అరసికెరెలో వేసిన వేరుశనగ వరసగా మూడేళ్లు ఎండిపోతే ఇద్దరూ పావగడ చేరారు. అతను సీట్లు కుట్టడం నేర్చుకొని ఆమెకూ నేర్పాడు. పద్దెనిమిదేళ్లుగా ఊళ్లోకి వచ్చిన కార్లకూ జీపులకూ వాళ్లే కుట్టారు. పని అయ్యాక బొమ్మన్న సీటును అరచేత్తో ఒకసారి నొక్కి చూసేవాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఇద్దరూ నడిచి ఇల్లు చేరేవారు. దారిలో ఎప్పుడైనా అనేవాడు, "ఒక్కసారి ఎనక సీట్లో కూచోని నాగలమడిక ఏటి దాకా పోవాలమ్మే, ఇద్దరం."

రంగక్క కింద మ్యాటు పరిచింది. తలుపుల అట్టలను క్లిప్పులకు సరిపెట్టి పిడికిలితో గుద్దింది. కిటికీ పిడి బిగించి తిప్పితే అద్దం మెత్తగా దిగింది. మధ్యాహ్నం దాటాక నరసింహప్ప వచ్చి సాయం పట్టగా ఎర్ర రెక్సిన్ వెనక సీటు లోపల పెట్టింది. జబ్బు పడకముందు బొమ్మన్న కుట్టిన చివరి సీటు అది. ఆ తర్వాత ముందు సీట్లు బిగించారు.

"బొమ్మన్నా, బండి నడిపి సూడాల. యాడికి పోదామప్పా?" అన్నాడు నరసింహప్ప.

బొమ్మన్న పెళ్లాం వైపు చూశాడు.

"నాగలమడికకు," అంది రంగక్క.

చెరో పక్క పట్టుకొని ఎక్కించారు. అతను సీటును అరచేత్తో నొక్కి చూసి, కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. నరసింహప్ప బండి తీశాడు. ఎండిన చేలు వెనక్కి పోతున్నాయి. కిటికీలోంచి వేడిగాలి వీస్తుంటే బొమ్మన్న కళ్లు సగం మూశాడు.

"ఏట్లో నీళ్లు ఉండాయేమో?"

"ఉంటాయిలే," అంది రంగక్క, ఉండవని తెలిసీ.

ఏటి ఇసుక కనిపించే సరికి అతని తల ఆమె భుజం మీదికి ఒరిగింది. నిద్రపోయాడనుకొని కాసేపు కదలకుండా కూర్చుంది. భుజానికి అతని ఊపిరి తగలడం లేదు. తర్వాత అతని చెయ్యి తీసుకొని, "అన్నా, బండి తిప్పు," అంది మెల్లగా.

పొద్దు వాలుతుండగా కారు షెడ్డు ముందు ఆగింది. మంచం పక్కన, కొత్త మ్యాటు మాసిపోతుందని అతను విడిచి వెళ్లిన చెప్పుల జత ఉంది.