బిగించని నట్టు మీద గీత

వ్యాను కింద వెల్లకిలా పడుకుని జాకీ ఎడమచేత్తో రేకు తడుముతున్నాడు. పైన, వ్యాను లోపల, అతని బామ్మరిది మోకాళ్ల మీద కూర్చుని డ్రిల్లు పట్టుకుని కాచుకుని ఉన్నాడు. ఎక్కడ రంధ్రం పెట్టాలో జాకీ కింద నుంచి వేలితో టకటకా కొట్టి చెప్పాలి. అప్పటిదాకా పైన డ్రిల్లు తిరగదు. వెనకటి వ్యాన్ల అడుగు ఖాళీ చేసిన అద్దె ఇల్లులా ఉండేది, ఎక్కడ పొడిచినా అడిగే దిక్కు లేదు. ఇప్పటి వ్యాన్ల కింద ఉమ్మడి కుటుంబం కాపురమున్నట్టు అంతా కిక్కిరిసి ఉంటుంది. డీజిల్ ట్యాంకు, పొగగొట్టం, బ్రేకు పైపులు, వైర్ల కట్టలు, వేటి మీద చెయ్యి పడినా పేచీయే. పైగా రేకు అట్టముక్కంత పలచన. ఆ పలచటి రేకు మీద ఇంటింటికీ తిరిగి తివాచీలు ఉతకడానికి వాడే, నలుగురు మనుషుల బరువుండే మిషన్ను, దాని ఇంజనుతో, నీళ్ల ట్యాంకుతో సహా, ఎన్ని గతుకులు తగిలినా కదలకుండా కూర్చోబెట్టాలి. ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా జాకీ చేస్తున్న పని అదే.

జాకీ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి గొలుసు తెగి మిషన్ ఒక పక్కకు ఒరిగితే, మనుషులు పరిగెత్తుకొచ్చేదాకా కుడిభుజం ఆనించి నిలబెట్టాడట. ఆ రోజు నుంచి జాకీ అయ్యాడు. ఆ పేరు వింటే ఇప్పటికీ మీసం కింద నవ్వుకుంటాడు. నవ్వుకునేవాడు అనాలి, ఎందుకంటే వానలు మొదలైనప్పటి నుంచీ ఆ పేరు వింటే అతనికి ఎవరో వెనక నుంచి వెక్కిరించినట్టు ఉంటోంది.

కుడిభుజం పట్టేసింది. మొదట్లో నిద్రలో ఒత్తుకుందేమో అనుకున్నాడు. తర్వాత చెయ్యి చెవి దాకా కూడా లేవడం మానేసింది. పొద్దున్నే భార్యే తల దువ్వుతోంది. దువ్వుతూ రోజూ ఒకటే పాట, మా తమ్ముడితో ఒక్కమాట చెబితే వాడే కింద పని చూసుకుంటాడు గదా అని. జాకీ ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. తమ్ముడికి తెలిస్తే తను ఇంట్లో అన్నం ముట్టనన్నాడు. ఆ బెదిరింపుకు ఆమె లొంగింది గానీ దువ్వెన మాత్రం ఆ రోజు నెత్తి మీద కాస్త గట్టిగానే లాగింది.

అంత బింకం ఎందుకంటే, ఆ బామ్మరిదిని పనిలో పెట్టింది తనే, పని నేర్పింది తనే. నట్టు బిగించలేక వాడు ఆయాసపడినప్పుడల్లా "అవి చేతులా, తడి తువ్వాళ్లా" అని పదిమందిలో ఆటపట్టించింది కూడా తనే. అంతకుముందు వెన్నుపూస జారిన ఒక ఫిట్టరును షెడ్డు ఊడవడానికి పెడితే, అతనికి 'చీపురు సారు' అని పేరు పెట్టిన ఘనుడు కూడా మన జాకీయే. ఆ పెద్దమనిషి ఎదురుపడినప్పుడల్లా తలవంచుకుని వెళ్లేవాడు. అప్పుడు జాకీకి అది నవ్వులాటగా ఉండేది.

రంధ్రాలు పడ్డాయి. మిషన్ను గొలుసుల మీద లేపి లోపల దించారు. పై నుంచి బామ్మరిది ఒక్కొక్క బోల్టూ దించుతుంటే, కింద జాకీ ప్రతిదానికీ దళసరి ఇనప ప్లేటు తొడిగి, నట్టు ఎక్కించి, స్పానరుతో బిగిస్తున్నాడు. బిగించిన ప్రతి నట్టు మీదా ప్లేటు దాకా పసుపు రంగుతో ఒక గీత గీస్తాడు. నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. ఆ గీత ఉందంటే కింద మనిషి ప్రాణం పెట్టి బిగించాడని అర్థం. దాన్ని చూశాక ఎవరూ మళ్లీ స్పానరు పెట్టి చూడరు.

ఎడమచేత్తో అన్నీ అయ్యాయి. చిట్టచివరి వెనక బోల్టు దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. అది డీజిల్ ట్యాంకుకూ పొగగొట్టానికీ మధ్య సందులో ఉంది. కుడిచెయ్యి నిటారుగా లేస్తే తప్ప స్పానరు అందదు. పళ్లు బిగించి చెయ్యి లేపాడు. భుజంలో ఏదో పటుక్కుమని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడమచేతి రెండు వేళ్లు ఎలాగో దూర్చి నట్టు ఆగినంతవరకు తిప్పాడు. పై నుంచి బామ్మరిది అయిందా అని అడిగాడు. అయిందన్నాడు. అని, ఆ నట్టు మీద కూడా పసుపు గీత గీశాడు, అన్నిటికంటే తిన్నగా.

ఇదే మొదటిసారైతే బాగుండేది. పోయిన నెలలో ఒక ముసలాయన తెల్ల వ్యానుకూ ఇలాగే చేశాడు. అప్పటి నుంచి ఓనరు గదిలో ఫోను మోగితే చాలు చేతిలో పని వదిలి అటే చెవి పెడుతున్నాడు. మిషన్ మామూలుగా నడిచినంతసేపూ ఏమీ కాదు. గట్టిగా బ్రేకు పడినప్పుడు అది ముందుకు తూలుతుంది. దాని వెనక కాళ్లను వ్యాను అడుగుకు పట్టి ఉంచేవి వెనక బోల్టులే. డ్రైవరు పక్క సీట్లో ఉన్నవాళ్ల వీపుకూ దానికీ మధ్య ఉండేది ఒక పలచటి తడక. ఇదంతా జాకీకి తెలియక కాదు. తెలిసే గీత గీశాడు. అన్నం తింటున్నప్పుడు ఆ గీతే కళ్ల ముందు కనబడుతుంటే సగంలోనే క్యారియరు మూసేశాడు.

మధ్యాహ్నం దాటాక వ్యాను కొన్న దంపతులు వచ్చారు. ఇద్దరూ ఇన్నాళ్లూ ఎవరి దగ్గరో తివాచీలు ఉతికినవాళ్లే. ఇప్పుడు సొంతంగా మొదలుపెడుతున్నారు. భర్త మాట్లాడకుండా మిషన్ చుట్టూ తిరిగి నీళ్ల ట్యాంకును నిమిరి చూస్తున్నాడు. ఆమెకు నోరు ఆగడం లేదు. వ్యాను నడిపేది ఆయనట, పక్కన కూర్చుని దారి చెప్పేది తనట, దారి తప్పితే తిట్లు తినేది కూడా తనేనట. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె జాకీ వైపు తిరిగింది.

"అన్నయ్యా, బ్రేకు వేస్తే ఇది మా మీదకు రాదు కదా?"

"రాదమ్మా. ఏనుగొచ్చి తోసినా కదలదు," అన్నాడు జాకీ. అంత నున్నగా అబద్ధం ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మిషన్ బిగించాక వ్యానును వెనక ఖాళీ స్థలంలో వేగంగా నడిపి ఒక్కసారిగా బ్రేకు తొక్కుతారు. కింద బిగించినవాడు మిషన్‌కు సరిగ్గా ముందుండే డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలి. జాకీయే పెట్టిన పద్ధతి. నా బిగింపు మీద నాకే నమ్మకం లేకపోతే ఊళ్లోవాళ్లకు ఎందుకుండాలని కాలరెగరేసి పెట్టాడు. తెల్ల వ్యానులో కూడా కళ్లు మూసుకుని కూర్చున్నాడు, అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఈరోజూ అలాగే కూర్చుందామనుకున్నాడు. పోతే తన ప్రాణమే పోతుంది, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఆ ఆలోచనతో అతనికి కాస్త ఊపిరి కూడా ఆడింది.

బామ్మరిది డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. జాకీ తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఆమె అడ్డం వచ్చింది. రోజూ కూర్చోవాల్సింది తనే కాబట్టి ఇవాళ కూడా తనే కూర్చుంటానంది. భయం పోవద్దూ అంది. భర్త వద్దనలేదు. ఓనరు నవ్వి, జాకీ బిగించిన బండి గదా, నిశ్చింతగా కూర్చోమన్నాడు. ఆమె ఎక్కి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, బెల్టు పెట్టుకుని, బయట నిలబడ్డ మొగుడి వైపు చూసి చెయ్యి ఊపింది. ఇంజను మోగింది. వ్యాను కదిలింది.

జాకీ వ్యాను ముందుకు వెళ్లి నిలబడ్డాడు. బామ్మరిది ఉలిక్కిపడి ఆపాడు. ఏమైంది బావా అంటూ తల బయటపెట్టాడు. జాకీ ఎడమచెయ్యి బానెట్ మీద పెట్టాడు. టైరులో గాలి తగ్గిందనో, ప్లేటు మార్చాలనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి కూడా. కానీ ఆమె అద్దం వెనక నుంచి ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఆమెని దింపరా," అన్నాడు. "వెనక బోల్టు నేను బిగించలేదు. ఉత్తినే గీత గీశాను."

ఆమె దిగి భర్త పక్కకు వెళ్లి నిలబడింది. బామ్మరిది వ్యాను కిందికి దూరి, కొంచెంసేపటికి బయటికొచ్చాడు. నట్టు వేళ్లతోనే తిరిగిందని నేల వైపు చూస్తూ చెప్పాడు. వాడు తిట్టినా బాగుండేది. తువ్వాలు మాట తిరిగి అప్పజెప్పినా బాగుండేది. వాడు గుడ్డతో పసుపు గీత తుడిచి, నట్టు బిగించి, కొత్త గీత గీసి వచ్చాడు. జాకీకి తల కొట్టేసినట్టయింది. ఆ దంపతుల వైపు చూడడానికి మొహం చెల్లలేదు.

ఓనరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "ఇంకా ఉన్నాయా, జాకీ?"

"ఇంకొకటి సార్. ముసలాయన తెల్ల వ్యాను. చెయ్యి లేవట్లేదు సార్."

"మరి చెప్పొచ్చుగా?"

దానికి సమాధానం ఆ షెడ్డులో చీపురు పట్టుకుని ఒక మూల నిలబడి అంతా వింటోంది.

ఓనరు ఫోను కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపాడు. ఆ కాసేపట్లో జాకీ మనసులో ఆ ముసలాయన్ను ఎన్ని ప్రమాదాల్లో చంపుకున్నాడో లెక్కలేదు. ఎట్టకేలకు అవతల గొంతు పలికింది. పనికి వెళ్తూ రోడ్డు మీద ఉన్నాడట. ఎక్కడున్నాడో అక్కడే బండి పక్కకు తీసి ఆపమని, మనిషిని పంపుతున్నానని ఓనరు చెప్పాడు. బామ్మరిది స్పానర్లు సంచిలో వేసుకున్నాడు. జాకీ కూడా వెనకే బయలుదేరాడు.

"నువ్వొద్దు బావా," అన్నాడు వాడు మెల్లగా. "ఇంటికెళ్లు. అక్కకి నేనేం చెప్పన్లే."

కోపంలో అన్న మాటైతే తట్టుకునేవాడు. జాలితో అన్న మాట అది. వాడు వెళ్లాక కొత్త వ్యాను పక్క సీట్లో ఓనరే కూర్చుని, ఇంకొకరి చేత నడిపించి పరీక్ష చేయించాడు. బ్రేకు కీచుమంది, మిషన్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ దంపతులు వెళ్లేటప్పుడు ఆమె జాకీ దగ్గర ఆగింది. థాంక్స్ చెప్పాలా, తిట్టాలా తెలియనట్టు ఒక్కక్షణం నిలబడి, రెండూ మానేసి వెళ్లిపోయింది. జాకీ చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా వెనక గేటు తీసుకుని వెళ్లాడు. గేటు దగ్గర ఊడుస్తున్న ఆ పాత ఫిట్టరుకు నమస్కారం పెట్టబోయాడు గానీ చెయ్యి లేవలేదు. తలవంచుకుని వెళ్లిపోయాడు.

పొద్దు వాలాక బామ్మరిది తిరిగొచ్చాడు. ముసలాయన క్షేమమే. కానీ ఆ బోల్టు చుట్టూ రేకు అప్పుడే చిరగడం మొదలైందని, ఇంకొక్క గట్టి బ్రేకు పడితే ఏమయ్యేదో అని ఓనరుతో చెప్పాడు. ఓనరు తల పట్టుకున్నాడు. బావ ఏడని వాడు అడిగితే, వెళ్లిపోయాడని, రేపు రానన్నట్టే వెళ్లాడని చెప్పాడు. వాడు చొక్కా మార్చుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. మేకుకు, ఈ వానల్లోనే బావ కొన్న పనిచొక్కా వేలాడుతోంది. దాని ఎడమచేయి భుజం దాకా గ్రీజుతో నల్లబడి అట్టకట్టి ఉంది, కుడిచేయి మాత్రం కొన్న రోజున ఎలా ఉందో అలాగే ఉంది.