చొక్కా జేబులో ఈల

నేను ఒక చెవి మిషనును. డాక్టర్లు వినికిడి యంత్రం అంటారు గానీ, ఇంట్లో అందరికీ మిషనునే. చిక్కుడు గింజంత ఒళ్లు, దానికో సన్నటి గొట్టం, చివర మెత్తటి బిరడా. ఇంతేనా నేను అనిపిస్తుంది చూస్తే. కానీ నాకు నిలకడ లేదు. కంటికైతే రెప్ప ఉంది, నాకు అదీ లేదు. కుక్కరు కూత, పక్కింటి టీవీ, గిన్నె కింద పడ్డ చప్పుడు, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి. మనుషులు తమకు కావలసింది మాత్రమే వింటారట. ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు.

నాకు ఇంకో అవలక్షణం కూడా ఉంది. స్విచ్ ఆపకుండా చెవిలోంచి తీసి గుప్పిట్లో మూశారంటే ఈల వేస్తాను. నాలోంచి వచ్చిన చప్పుడు మళ్లీ నాలోకే దూరి పెట్టే కూత అది. ఆ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో భూతద్దాల కింద నన్ను అతికించారు. విశాఖపట్నంలో ఒక దుకాణంలో కొన్నాళ్లు అద్దాల వెనక కూర్చున్నాను. అక్కడినుంచి నన్ను కొని తెచ్చింది ప్రొఫెసర్ ముకుందరావు, తన తండ్రి కూర్మయ్య కోసం. కూర్మయ్య విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో, మగ్గాల షెడ్డులో పనిచేశాడు. ఆ రొదే ఆయన చెవులు తినేసింది. ఆ కూలితోనే కొడుకు చదివి ప్రొఫెసరయ్యాడు. ఇంతకీ కొడుకు పాఠం చెప్పేది దేని గురించి అనుకున్నారు? కుటుంబం గురించి.

క్లాసులో ఆయన నోరు విప్పితే పిల్లలు కదలకుండా వినేవారట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చతో మొదలుపెట్టాడు. ఇంట్లో తండ్రికి వినబడదు, కూతురు తన్మయి వినదు.

తన్మయి ఇంటర్ చదువుతోంది. ఒక సాయంత్రం వచ్చి, "నాన్నా, ఆ కాలేజీ నావల్ల కావట్లేదు. వేరేదాంట్లో చేరతాను" అంది. ప్రొఫెసరు లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, ఆ వయసులో మనసు ఎలా ఉంటుందో, సర్దుకుపోవడం ఎందుకు అవసరమో వివరంగా చెప్పాడు. మంచి ఉపన్యాసమే. పక్కగదిలో కూర్మయ్య చెవిలో ఉండి నేనూ విన్నాను. పిల్ల మధ్యలోనే లేచి వెళ్లిపోయిన సంగతి ఆయనకు పాఠం పూర్తయ్యాక తెలిసింది. అప్పటినుంచి ఆయనతో ఆమె మాటలు ఊఁ, సరే, తిన్నాను. అంతకు మించి లేవు.

తాతతో మాత్రం అలా కాదు. మగ్గాల రొదలో గొంతు వినబడదు గనక, మిల్లులో వాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకునేవారట. కూర్మయ్య ఆ విద్య మనవరాలికి నేర్పాడు. భోజనాలయ్యాక నన్ను తీసి భోజనాల బల్లమీద పెట్టి, ఆమెకు ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరూ చప్పుడు లేకుండా చాలాసేపు మాట్లాడుకునేవారు. నాకు ఫ్యాను తిరగడం తప్ప ఏమీ వినబడేది కాదు. ఉన్నవీ లేనివీ అన్నీ విన్న నాకు, ఆ ఇంట్లో జరిగిన అసలు మాటలే తెలియవు. ఉక్రోషంగా ఉండేది. కూర్మయ్య పైకి అన్నది ఒక్కటే విన్నాను. "మొకం తిప్పేస్తే మాట తెగిపోతాది బుల్లీ. మాటాడినంతసేపూ ఇటే సూడాల."

ప్రొఫెసరు ఆ గది గుమ్మం ముందునుంచి వెళ్తూ, ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు అని నిట్టూర్చేవాడు.

ఆ ఏడాదే కూర్మయ్యకు ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చారు. స్కానింగుకు తీసుకెళ్లేముందు నర్సు నన్ను ఊడదీసి ప్రొఫెసరు చేతిలో పెట్టింది. "ఇది లోపలికి పనికిరాదు సార్, మీ దగ్గరుంచండి" అంది. ఆయన స్విచ్ ఆపకుండానే చొక్కా జేబులో వేసుకున్నాడు. పెద్దాయన మళ్లీ మంచం మీదికి వచ్చాడు. నేను జేబులోనే ఉండిపోయాను.

ప్రొఫెసరు కాసేపు మంచం చుట్టూ తిరిగాడు. తరువాత వంగి, తండ్రి చెవికి నోరు ఆనించాడు.

"నాన్నా, తన్మయి నాతో మాట్లాడటం లేదు. అది నాకు కాకుండా పోతుందేమోనని భయంగా ఉంది. నువ్వు నన్ను ఎలా పెంచావో నాకు గుర్తు లేదు. నేనేం చెయ్యాలో చెప్పు."

ఆయన తండ్రిని సలహా అడగడం నేను వినడం అదే మొదలు. నేను ఉండవలసింది ఆ చెవిలో. ఉన్నది దానికి జానెడు దూరాన, జేబులో. ఈల వేశాను. ఇంకా గట్టిగా వేశాను. ఏ మంచం దగ్గరి మిషనో మోగుతోందనుకుని ఆయన తలెత్తి నర్సు కోసం చూశాడు, మళ్లీ వంగాడు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అని మీరు సులువుగా అనేస్తారు. అక్కడ నేను పడ్డ ఆరాటం పగవాడికి కూడా వద్దు.

కూర్మయ్యకు చెవి మీద వెచ్చటి ఊపిరి తగిలి ఉంటుంది. వినబడనివాళ్లు అందరూ చేసేదే చేశాడు. తల ఊపాడు. కొడుకు జుట్టు నిమిరి, "అలగే బాబూ, అలగే. ఇంటికెల్లి కాసింత తిను" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

పెద్దాయన్ని ఇంటికి తెచ్చాక, కర్మకు కూర్చోవడానికి ప్రొఫెసరు చొక్కా విప్పాడు. జేబు నలిగి నేను మళ్లీ కూశాను. ఆయన నన్ను తీసి చూశాడు, చూసి అక్కడే కూలబడ్డాడు. తండ్రి పోయినందుకు ఏడుస్తున్నాడని చుట్టాలు అనుకున్నారు. అదీ నిజమే.

పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక ఆయనకు కాలు నిలవలేదు. నన్ను గుప్పిట్లో పట్టుకుని గది గదీ తిరిగాడు. నేను ఈలలు వేస్తూనే ఉన్నాను. చివరికి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తండ్రికి ఏం వినబడేదో తెలుసుకోవాలనుకున్నాడో ఏమో, నన్ను తన చెవిలో పెట్టుకున్నాడు. ఎదురుగా తన్మయి పుస్తకం పెట్టుకుని ఉంది.

"నేను ఇంత గట్టిగా మాట్లాడతానా?" అన్నాడు.

"ఎప్పుడూ క్లాసులో ఉన్నట్టే" అంది తన్మయి.

ఆయన గోడకున్న తండ్రి ఫొటో వైపు చూస్తూ అన్నాడు. "ఆసుపత్రిలో తాతని ఒక మాట అడిగాను. చెవిలో అడిగాను. అప్పుడు ఇది నా జేబులో ఉంది."

"చెవిలో ఎందుకు నాన్నా? ఎదురుగా నిలబడి అడిగితే మిషను లేకపోయినా తాతకి తెలిసేది."

 తండ్రి పెదవులు చూసి మాట పట్టగలడన్న సంగతి ఇన్నేళ్లలో ప్రొఫెసరుకు తెలియనే తెలియదు.

"ఏం అడిగావు?" అంది తన్మయి.

"నువ్వు నాతో మాట్లాడట్లేదు, ఏం చెయ్యాలని."

తన్మయి పుస్తకం మూసిన చప్పుడైంది.  "ఇప్పుడు కూడా గోడతోనే చెప్తున్నావు. మొకం తిప్పేస్తే మాట తెగిపోతాది, తాత అనేవాడు."

కుర్చీ కాళ్లు నేలమీద గీరుకున్నాయి. ప్రొఫెసరు ఆమెకు ఎదురుగా తిరిగాడు. నన్ను చెవిలోంచి తీసి బల్లమీద పెట్టాడు, వాళ్ల నాన్న పెట్టే చోటే.

ఆ తరువాత నాకు ఫ్యాను తిరగడం తప్ప ఏమీ వినబడలేదు. తాత నేర్పిన ఆ విద్యే తన్మయి నాన్నకు నేర్పుతోందేమో, చాలాసేపు విన్నాను. ఎవరూ లేచి వెళ్లినట్టు కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు.