కొండ మీది కాఫీ మిషను

మా ఆయన టాక్సీలో కూర్చుంటే స్టీరింగుకూ పొట్టకూ మధ్య వేలు దూరేది కాదు. సీటు వెనక్కి జరుపుకుందామంటే అది అప్పటికే చివరిదాకా వచ్చేసింది. ఇంకా జరిగినా కాలు బ్రేకుకు అందదు. ఆ ఇరుకులోనే ఆయన జింజు ఊరంతా తిరిగేవారు, నవ్వుతూనే తిరిగేవారు.

"నా పొట్ట చూసి బండెక్కినవాళ్లకు ధైర్యం. దేనికన్నా గుద్దుకున్నా ముందు మెత్తగా ఇదుంటుంది కదా," అనేవారు.

మాది టాక్సీ స్టాండు పక్కనే చిన్న భోజనశాల. తినేవాళ్లంతా డ్రైవర్లే. డ్రైవర్లకు పెట్టే అన్నానికి ఒక పద్ధతి ఉంది. కూర్చోగానే పళ్లెం రావాలి, కూరలు అడగకుండా రావాలి, మొదటి గిన్నెలో అన్నం అయిపోకముందే రెండో గిన్నె పక్కన ఉండాలి. రెండో గిన్నెకు డబ్బు తీసుకుంటే ఇక ఆ చోటికి ఎవరూ రారు. బండి బయట పెట్టి వచ్చిన మనిషి ఒక కన్ను పళ్లెం మీదా ఒక కన్ను బండి మీదా ఉంచి తింటాడు. నమిలే తీరిక ఎక్కడిది? తినడం అయ్యాక గుమ్మం దగ్గరున్న మిషను మీట నొక్కితే కాగితం కప్పులో తియ్యటి పాల కాఫీ. అదీ ఊరికే. మా అత్తగారు పోయినప్పుడు ఆవిడ పేరున పుణ్యం చేరాలని నేనే ఆ మిషను పెట్టించాను. పొద్దున్నే బుద్ధుడి ముందు నీళ్లు పెట్టి మొక్కుకున్నాక నా మొదటి పని ఆ మిషనులో పొడి నింపడం.

ఆ వసంతంలో మా ఆయన ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షకు వెళ్లారు. వయసు మళ్లిన డ్రైవరు నడపగలడని డాక్టరు సంతకం పెడితేనే టాక్సీ రోడ్డెక్కుతుంది. డాక్టరు సొ గారు నెమ్మదైన మనిషి. ఆ రోజు మాత్రం కలం మూసి జేబులో పెట్టుకున్నారు.

"పే గారూ, మీ రక్తపోటూ షుగరూ చూశాక నా చెయ్యి రావడం లేదు. మీకు రోడ్డు మీద ఏదన్నా అయితే వెనక సీట్లో ఉన్నవాళ్లు ఏమవుతారు? శరత్కాలం దాకా గడువు ఇప్పిస్తాను. ఈలోగా ఒళ్లు తగ్గించండి. అప్పటికీ ఇలాగే ఉంటే సంతకం పెట్టను. మీ ఆవిడ వచ్చి బతిమాలినా పెట్టను."

ఇంటికొచ్చి ఆయన ఆ మాటలే డాక్టరు గొంతుతో చేసి చూపించి నన్ను నవ్వించారు. తర్వాత బయటికెళ్లి, ఆ పొద్దున్నే కడిగిన బండిని మళ్లీ కడిగారు. తలుపులు, అద్దాలు, చక్రాల లోపలి వైపు కూడా. మా పెళ్లినాటి నుంచీ ఆయన చేసిన పని ఒక్కటే. ఆ సీటు పోతే ఆయన ఎక్కడ కూర్చుంటారో నాకు తోచలేదు.

మర్నాటి నుంచి నేను మొదలుపెట్టాను. ఆయన ఒక్కరికే తగ్గిస్తే తోటివాళ్ల ముందు చిన్నబోతారని అందరికీ తగ్గించాను. తెల్లన్నంలో సగం బార్లీ కలిపాను. వేయించిన పంది మాంసం బదులు ఆవిరి మీద ఉడికించిన చేప, ఆకుకూరలు. రెండో గిన్నె అడిగితేనే.

తక్ జుంగిల్ అనే డ్రైవరు మా ఆయన్ను అన్నా అనీ నన్ను వదినా అనీ పిలుస్తాడు. స్టాండు మొత్తానికీ నోరు అతనిదే. గిన్నె మూత తీసి లోపలికి తొంగి చూశాడు.

"వదినా, ఇందులో అన్నం ఉందా, ఉందని నేను నమ్మాలా?"

"ఉందయ్యా. నీ పొట్ట అడ్డమొచ్చి కనపడ్డం లేదు."

"అన్నకు జబ్బు చేస్తే మాకు పథ్యమా? ఇదెక్కడి న్యాయం?"

"నీ జబ్బు నీకింకా తెలియలేదు, అంతే తేడా," అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. బార్లీ అన్నం గిన్నె ఖాళీ చేసి, రెండోది అడగబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

తిండి తగ్గితే చాలదు, నడవాలి కూడానని డాక్టరు చెప్పారు. ఒక ఆదివారం అందరం ఊరి చివరి పెద్ద కొండ ఎక్కుదామని మాట పెట్టుకున్నాం. నేను బస్సు దిగి, కొండ మొదట్లో నిలబడి ఎంత చూసినా ఒక్కడూ రాలేదు. విసుగొచ్చి ఒక్కదాన్నే ఎక్కాను. పైకి వెళ్లేసరికి రోడ్డు ఆగిపోయే చోట టాక్సీలన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. డ్రైవర్లంతా పక్కనే నూడుల్స్ కొట్టు ముందు బల్లల మీద ఉన్నారు. మా ఆయన నన్ను చూసి చెయ్యి ఊపారు.

"నడకన్నారు కదండీ?" అన్నాను.

"నడిచాం కదా, బండి దగ్గర్నుంచి ఇక్కడికి!"

"రోడ్డు ఉన్నంతవరకూ నడవడం డ్రైవరుకు అవమానం వదినా," అన్నాడు జుంగిల్.

నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ ఒక నూడుల్స్ గిన్నె చెప్పాను.

ఎండాకాలం ముదిరింది. నేను వండే వంట నాకే చప్పగా ఉంటోంది. మా ఆయన నిజంగానే అడ్డు చెప్పకుండా తింటున్నారు. అయినా బరువు తగ్గలేదు. ఒక వారం చూస్తే కాస్త పెరిగింది కూడా. నాకు భయం పట్టుకుంది.

మా భోజనశాల వెనక ఇంకో చిన్న కొండ ఉంది, రాతిమెట్లు దాని మీదికి వెళతాయి. పైన సొల్‌బత్ ఆశ్రమం. అక్కడికి బండి వెళ్లే దారి లేదు. మెట్లే దారి. నేను ఎక్కి బుద్ధుడి ముందు సాష్టాంగపడి అడిగాను. మీరు అందరి బాధా చూస్తారంటారు, ఈయన పొట్ట ఒక్కటీ చూడకూడదా అని. అంత చిన్నదాని కోసం అంత పెద్దాయన్ను అడగొచ్చా అన్న అనుమానం కూడా వచ్చింది. కానీ అడిగేశాను.

మా ఆయన ఆ గుడి లోపలికి వచ్చి చాలా ఏళ్లయింది. ఒక బుద్ధ జయంతి నాడు దీపాల పండగ జనంలో సాష్టాంగపడబోతే పొట్ట అడ్డొచ్చి నుదురు నేలకు తాకలేదు. మళ్లీ లేవడానికీ వీలు కాలేదు. ఇద్దరు పట్టి లేపారు. అందరూ మంచివాళ్లే, ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే ఆయనకు తగిలింది. అప్పటినుంచీ పండగ రోజున కింద బండిలోనే కూర్చునేవారు.

ఒకరోజు గ్యాసు గొట్టం మార్చడానికి మనుషులొచ్చి వంటకు సెలవయింది. ఊరికే ఎందుకుండాలని మా ఆయన పక్కన టాక్సీలో కూర్చున్నాను. బండి మా స్టాండులోనే వరస చివర ఉంది. ఎప్పుడూ వంటింట్లో ఉండే నేను స్టాండును అటువైపు నుంచి చూడడం అదే మొదలు.

వరసలోకి కొత్తగా వచ్చిన డ్రైవరు తన ముందు బండివాడికి ఒక కప్పు కాఫీ తెచ్చి కిటికీలోంచి ఇవ్వడం అక్కడి మర్యాద. ఇచ్చింది వద్దనకూడదు. మా వెనక ఒకతను వచ్చాడు, కాఫీ ఇచ్చాడు. మా ఆయన తాగారు. ఇంకొకతను అటు పోతూ, "అన్నా, వదినను షికారు తిప్పుతున్నావా?" అని ఇంకో కప్పు పెట్టాడు. అదీ తాగారు. నాకూ ఒకటి వచ్చింది. చేతిలోకి తీసుకుని వాసన చూశాను. పాలపొడి, పంచదార. పొద్దున్నే నేను నింపిన పొడే.

"రోజుకి ఎన్ని తాగుతారండీ ఇలా?"

"ఎవరు లెక్కపెట్టారు? కాఫీయే కదా. అన్నమా ఏమన్నానా?"

ఒక చేత్తో గిన్నెలో అన్నం తగ్గిస్తున్నాను, రెండో చేత్తో పుణ్యం పేరు చెప్పి పంచదార పోస్తున్నాను.

ఆ మర్నాడు మిషను తీగ పీకేశాను. మధ్యాహ్నానికి గుమ్మం దగ్గర గొడవ.

"వదినా, అన్నం తగ్గించావు, ఊరుకున్నాం. మాంసం తీసేశావు, అదీ సరే. కాఫీ మీద చెయ్యేస్తే మాత్రం స్టాండు ఎత్తేసి రైల్వే స్టేషను దగ్గరికి పోతాం!" జుంగిల్ గొంతు వీధి చివరికి వినిపించి ఉంటుంది.

మా ఆయన మాత్రం ఖాళీ కప్పు పట్టుకుని నిలబడ్డారు. తోటివాడికి ఏమివ్వాలో తెలియని మొహం అది. దాన్ని చూశాక నా పట్టుదల సగం కరిగిపోయింది.

సాయంత్రం ఆశ్రమానికెక్కి మ్యోజిన్ సునిమ్‌కు అంతా చెప్పుకున్నాను. ఆవిడ అక్కడి సన్యాసిని, సన్యాసులను మేం సునిమ్ అనే పిలుస్తాం. తల గొరిగించుకున్న చిన్న మనిషి, గట్టిగా నవ్వుతారు.

"ఇవ్వడం పుణ్యమే కదా సునిమ్? మరి నేనిచ్చింది విషమైతే అదేమవుతుంది?"

"అమ్మాయ్, అంత పెద్ద ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం అడుగుతాను. ఇవ్వడం మానెయ్యమని నీకెవరు చెప్పారు? ఇచ్చే చోటు మార్చు. ఇక్కడ కరెంటు ఉంది, చూరు కింద చోటు ఉంది. ఆ మిషను పైకి పంపించు."

"ఆశ్రమంలో కాఫీ మిషనా?"

"బుద్ధుడు పిలిస్తే ఎన్నేళ్లుగా రానివాళ్లు కాఫీ పిలిస్తే వస్తారేమో. ఆయనేమీ అనుకోడులే."

మిషను పైకి ఎవరు మొయ్యాలి? కాఫీ కావలసినవాళ్లే. మర్నాడు తాళ్లు కట్టి, కర్రలు దూర్చి, నలుగురు డ్రైవర్లు ఎత్తారు. మా ఆయన, జుంగిల్ ముందు. ప్రతి మలుపులోనూ దింపారు. చెమటలు కారుతున్నాయి. కిందనుంచి మిగతావాళ్లు "ఎడమకు తిప్పు! రివర్సు! హారన్ కొట్టు!" అని అరుస్తున్నారు.

"అన్నా, నువ్వు మొయ్యడం లేదు, ఆనుకుని నడుస్తున్నావు!"

"నోటితో మోసేవాడివి నువ్వేరా!"

పైన చూరు కింద మిషను దించి నలుగురూ నేల మీద పడిపోయారు. ఎవరూ కాఫీ అడగలేదు. ఊట నీళ్ల తొట్టి దగ్గరికి పాక్కుంటూ వెళ్లి సొరబుర్ర గరిటెతో నీళ్లు ముంచుకు తాగారు.

అప్పటినుంచీ అన్నం తిన్నాక కాఫీ కావాలంటే మెట్లెక్కాలి. ముందు తిట్టుకుంటూ ఎక్కారు. తర్వాత పందెం వేసుకుని ఎక్కారు. ఒకరి కోసం ఒకరు కప్పు తేవడం ఆగిపోయింది. కింద దాకా తెస్తే చల్లారిపోతుంది, సగం ఒలికిపోతుంది. అందుకని మర్యాద మరో రూపం పట్టింది. "పద, పైన ఇప్పిస్తాను," అని ఒకరినొకరు లాక్కుపోయేవారు. తీరా పైకి వెళ్లాక రొప్పుతున్న గొంతుకు వేడి కాఫీ ఎవరికి దిగుతుంది? ముందు నీళ్లు. నీళ్లయ్యాక సునిమ్ కాచి ఉంచిన బార్లీ టీ. ఆపైన కింద వరస కదిలిందని కేక వినిపించేది, పరుగున దిగేవారు.

ఆకులు ఎర్రబడే వేళకు సునిమ్ నన్ను పిలిచి మిషను తలుపు తీసి చూపించారు. లోపల పొడి రాయిలా గడ్డకట్టింది.

"నీ దానం ఎవరూ పుచ్చుకోవడం లేదమ్మా," అని నవ్వారు. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఒక పొద్దున మా ఆయన బండిలో కూర్చుని గొణుక్కుంటూ కిందికి చెయ్యి పెట్టి సీటు లాగారు. టకమని చప్పుడైంది. సీటు ముందుకు జరిగింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆయన ఈల వేసుకుంటూ వెళ్లిపోయారు.

పరీక్ష రోజు నేనూ వెళ్లాను. డాక్టరు సొ గారు ఒకసారి రక్తపోటు చూసి, నమ్మలేక మరోసారి చూశారు. రక్తం తీయించారు. మేం బయట కూర్చున్నాం. మా ఆయన మోకాళ్లు ఆడిస్తూనే ఉన్నారు. పిలిచి లోపల కూర్చోబెట్టినప్పుడు డాక్టరు మొహంలో ఏమీ తెలియలేదు.

"పొట్ట ఇంకా ఉంది పే గారూ."

"ఉందండీ. ఎన్నాళ్లనుంచో తోడున్నది, ఒక్కసారిగా పొమ్మంటే ఎలా?"

"దాన్ని ఇలాగే మెల్లమెల్లగా సాగనంపండి. మిగతావన్నీ దిగాయి." జేబులోంచి కలం తీశారు. "ఏం మందు వాడారు?"

"కాఫీ మిషనండీ," అన్నారు మా ఆయన. డాక్టరు సంతకం మధ్యలో ఆగి ఆయన వంక చూసి, నా వంక చూసి, తల అడ్డంగా ఊపుతూ మిగతా అక్షరాలు పూర్తిచేశారు.

స్టాండుకు రాగానే హారన్లు మోగాయి. జుంగిల్ పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ఈ రోజు అసలు కాఫీ! పైన! గడ్డకట్టిన పొడిని సుత్తితో కొట్టయినా తాగుదాం!"

అందరూ మెట్లెక్కారు. మా ఆయన అందరికంటే ముందు ఎక్కారు. పైకి చేరి మిషను వైపు తిరగలేదు. నీళ్ల తొట్టి దగ్గరా ఆగలేదు. చెప్పులు విడిచి గుడి లోపలికి వెళ్లారు. నేను వెనకే వెళ్లి గుమ్మం పక్కన నిలబడ్డాను. జుంగిల్‌వాళ్లు నా భుజాల మీదుగా తొంగి చూస్తున్నారు.

ఆయన చేతులు జోడించారు. మోకాళ్లు వంచారు. అరచేతులు నేలకు ఆనించి మెల్లగా వంగారు. పొట్ట అడ్డొచ్చే చోటికి వచ్చి ఒక్క క్షణం ఆగారు. ఇంకాస్త వంగారు. ఆ చెక్క నేల మీద నుదురు ఆనిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

నేను కళ్లు తుడుచుకున్నాను. ఆయన లేవడం లేదు. ఎంతకీ లేవడం లేదు. చివరికి జుంగిల్ ఉండబట్టలేక గుసగుసగా అడిగాడు.

"అన్నా, నిద్రపోయావా ఏంటి? పట్టి లేపమంటావా?"

"నోర్ముయ్యరా," అంది నేల మీంచి మా ఆయన గొంతు, నవ్వు ఆపుకుంటూ. "ఇన్నేళ్లకు చేరాను. కాసేపు ఉండనీ."