మాస్టారి ఒకే ప్రశ్న

గణితం, భౌతికశాస్త్రం రెండూ ఔపోసన పట్టిన మా శాఖ మాస్టారు ఎవరి ఉపన్యాసమైనా కునుకు తీస్తూనే వినేవారు. చప్పట్లకు మెలకువ వచ్చేది. వెంటనే గొంతు సవరించుకుని, "అంతా బాగుంది కానీ, అంచుల దగ్గర మీ సమీకరణం నిలబడుతుందా?" అనేవారు. ఎవరి లెక్కకైనా అతికే ప్రశ్న అది. చెప్పినవాళ్లు నీళ్లు నమిలేవారు. కుర్రాళ్లు ఆహా అనేవారు. పక్కన కూర్చునే నాకు ఒళ్లు మండేది.

నిన్న ఆయన పాత శిష్యురాలు మాట్లాడింది. మాస్టారు మామూలుగానే జోగారు, చప్పట్లకు లేచారు, ఆ ప్రశ్నే వేశారు.

ఆమె చేతిలో సుద్దముక్కతోనే ఆయన వైపు తిరిగింది.

"నా మొదటి ఉపన్యాసంలో మీరు అడిగింది ఇదేనండీ మాస్టారూ. అప్పుడు చెప్పలేకపోయాను. ఇన్నేళ్లూ దాని మీదే కూర్చున్నాను. ఇప్పటిదాకా చెప్పింది ఆ జవాబే."

మాస్టారి చెవులు కందిపోయాయి.

"నేనే సరిగ్గా చెప్పి ఉండను. మళ్లీ మొదట్నించి చెప్తాను," అంటూ ఆమె బోర్డు తుడిచింది.

మాస్టారు తల దించుకున్నారు. ఆమె ముగించేదాకా ఎత్తలేదు. ఆయన రెప్ప కూడా వాల్చలేదని పక్కనున్న నాకు తెలుసు. వెనక వరుసలవాళ్లు మాత్రం, మళ్లీ నిద్రపోయారనుకున్నారు.