మొక్కజొన్న చేలో నాన్న గొంతు

పంటల మీద పడే అడవి జంతువులను ఎలా ఆపాలన్న పరిశోధనలోనే ఆమె ఉద్యోగ జీవితం సగం గడిచిపోయింది. కంచెలు, టపాకాయలు, ఘాటు వాసనల మందులు అన్నీ ప్రయత్నించింది. దేనికైనా అడవిపందులు ఇట్టే అలవాటు పడిపోయేవి. చివరికి అవి బెదిరేది మనిషి గొంతుకేనని తేల్చి, దగ్గర్లో ఏది కదిలినా దానంతటదే అరిచే పెట్టె తయారుచేయించింది.

గొంతు ఎవరిదంటే ఆమెకు వాళ్ళ నాన్నే గుర్తొచ్చాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. డిపోలో అందరూ "మైకు" అనేవారు. అడగ్గానే మురిసిపోతూ వచ్చి అరిచి వెళ్ళాడు.

పోయినేడు ఆయన నిద్రలోనే పోయాడు. ఆ రికార్డింగు తీసేసి వేరేవాళ్ళది పెట్టమని ఆమె ఆఫీసులో చెప్పింది. పెట్టేశారనే అనుకుంది.

ఆ రోజు అమ్మను కళ్ళ డాక్టరుకు చూపించి తిరిగొస్తూ, కొత్త గొంతుతో పెట్టె ఎలా పనిచేస్తోందో చూద్దామని ఒక మొక్కజొన్న చేను దగ్గర కారు ఆపింది. ఆమె రైతుతో మాట్లాడుతుంటే, కాళ్ళు పట్టేశాయంటూ అమ్మ గట్టు మీద నాలుగడుగులు వేసింది.

"ఎవర్రా అక్కడ! ఆగు, వస్తున్నా!"

అమ్మ చేతిలోని మందుల సంచి జారిపడింది. చేలోని పెట్టెలోంచి వచ్చింది నాన్న గొంతే. అరుపు ఆగి, చిన్న దగ్గు వినిపించింది. తర్వాత అదే గొంతు మెత్తగా అడిగింది.

"చాలా తల్లీ? ఇంకోసారి అరవనా?"

రికార్డింగు చివరి ముక్కను ఎవరూ కత్తిరించలేదు.

"ఏమండీ!" అంది అమ్మ, ఆకుల్లోకి చూస్తూ.

రైతు నవ్వాడు. "భలే గొంతండీ! పందులు ఈ ఛాయలకే రావట్లేదు. ఎవరిదో గానీ..."

"మా ఆయనది. పోయినేడే పోయాడు."

రైతు ముఖం పాలిపోయింది. కూతురు పరుగెత్తి స్విచ్చి ఆపింది.

"బతికినన్నాళ్ళూ బస్సులో అరిచాడు. పోయాక కూడా కాపలాకి పెట్టావటే?"

"తీసేశారనుకున్నానమ్మా. ఒట్టు."

అమ్మ గట్టు మీదే కూలబడింది. లేపబోతే చెయ్యి విదిలించుకుంది.

మర్నాడే కూతురు అన్ని పెట్టెల్లోంచీ ఆ గొంతు తీయించింది. కొత్తది సిద్ధమయ్యేలోపు పందులు ఆ చేను ఒకవైపంతా తొక్కేశాయి. రైతు ఫోన్ చేశాడు గానీ, పాత గొంతు పెట్టమని మాత్రం అడగలేదు.